ఇల్లు అమ్మి చూడు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఆ రెండు కార్యములలోని కష్టము అనుభవించినవానికే తెలియునని వారి భావము. ఇల్లు అమ్మి చూడుమని మాత్రము వారు చెప్పలేదు. దానికి కారణము లేకపోలేదు. ఆ కాలమున ఇల్లు అమ్ముట అరుదు. తాత కట్టిన ఇంటిలో మనుమడు పుట్టెడివాడు. అప్పులపాలై గత్యంతరము లేనప్పుడే ఇల్లు చేయి మారెడిది. ఉద్యోగమును బట్టి ఊరు, ఊరిని బట్టి ఇల్లు మారెడి బ్రదుకు మనలో చాలమందికి రైలుబండితో వచ్చినది. ఆ బ్రదుకునకు బిలాస్‌పూరు రైలుపేట చక్కని ఉదాహరణము.

నేడు ఆ పేటలో ఇల్లు అమ్ముకొనదలచిన తెలుగు కుటుంబములు దల్లాలుల ఉపేక్షవలనను, కాగితముల జాప్యమువలనను పడుచున్న శ్రమ మనలో పలువురు ఎరిగినదే. ఆ శ్రమకు మూలము చరిత్రలో ఎచట నున్నదో, దానికి ఉపాయమేమో ఈ వ్యాసమున విచారింతును.

బెంగాల్-నాగపూరు రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరునుండి బిలాస్‌పూరు మీదుగా ఆసన్‌సోలు వరకు పోవు ప్రధాన మార్గము 1891లో పూర్తి అయినది. దానితో అర్పా నదీతీరమున నున్న చిన్న పట్టణము రైలుకూడలిగా పెరిగినది. ఇటు మన సీమలో తూర్పుతీర రైలుమార్గము 1893కును 1896కును నడుమ నిర్మితమైనది. వాల్తేరునుండి ఉత్తరముగా కటకమువరకు గల దాని భాగము 1902 నాటికి ఈ కంపెనీ చేతికే వచ్చినది. 1931లో విజయనగరము-రాయపూరు మార్గము కూడ పూర్తియైన పిమ్మట విజయనగర, శ్రీకాకుళ ప్రాంతముల నుండి ఛత్తీస్‌గఢమునకు రాకపోకలు మరింత సులభమైనవి. ఇంజను మంటవేయువారు, ఫిట్టర్లు, గ్యాంగుమనుష్యులు, గుమాస్తాలు, గార్డులు ఇట్లు పలువురు తెలుగువారు ఆ దారిని వచ్చి బిలాస్‌పూరు రైలుక్వార్టర్లలో కాపురములు పెట్టిరి.

యాజమాన్యములు మారినవి. 1944లో కంపెనీ రైల్వే ప్రభుత్వపరమైనది. 1952లో తూర్పు రైల్వేలో చేరినది. 1955లో ఆగ్నేయ రైల్వే అయినది. 2003లో బిలాస్‌పూరు ముఖ్యస్థానముగా ఆగ్నేయ మధ్య రైల్వే ఆవిర్భవించినది. యాజమాన్యము ఏదైనను క్వార్టరు ధర్మము ఒక్కటే. ఉద్యోగమున్నంతవరకే అది మనది. విరమించిన పిమ్మట కొన్ని మాసముల గడువు. ఆపైన తాళము అప్పగించవలసినదే.

కనుక ముందుచూపుగలవారు ప్రావిడెంటు ఫండు సొమ్ముతోను, ఇల్లాలి బంగారముతోను తోర్వాలోనో, హేమూనగరులోనో, తార్‌బాహరులోనో కొద్దిపాటి స్థలము కొని రెండు మూడు గదులు వేసికొనిరి. స్వగ్రామమున పొలము పంపకములలో పోయినది. ఇచటి ఇల్లే వారి ఆస్తి. 2000లో ఛత్తీస్‌గఢ రాష్ట్రము ఏర్పడి, ఉన్నత న్యాయస్థానము బిలాస్‌పూరునకు వచ్చినప్పటినుండి ఆ ఊరి ప్రాముఖ్యము హెచ్చినది. కాని ఆ ఇండ్లలో పెరిగిన పిల్లలు హైదరాబాదు, విశాఖపట్టణము, ఢిల్లీ, అమెరికాలకు పోయిరి. వృద్ధులైన తల్లిదండ్రులను తమవద్దకు తెచ్చుకొనునప్పుడు ఇల్లు అమ్మవలసిన అవసరము కలుగుచున్నది. అమ్మువాడు దూరముననుండును, ఇల్లు అచట నుండును. ఈ దూరములోనే దల్లాలికి చోటు దొరికినది.

ఇల్లు అమ్ముటలో మధ్యవర్తి ఎప్పటినుండియు ఉన్నాడా? మన దేశమున గృహవిక్రయమునకు నియమములు చెప్పిన ప్రాచీన గ్రంథములలో కౌటిల్యుని అర్థశాస్త్రము ఒకటి. దాని మూడవ అధికరణములో వాస్తువిక్రయమును గూర్చి చెప్పబడినది. ఇల్లు అమ్మదలచినచో కొనుటకు మొదట జ్ఞాతులకు, పిదప ఇరుగుపొరుగువారికి, ఆ తరువాత ఋణమిచ్చినవారికి అవకాశము. విక్రయమును ఇంటి ముంగిట, పొరుగున నున్న నలువది కుటుంబములవారి సమక్షమున ప్రకటింపవలెను. ఈ ధరకు కొనువారెవరని మూడుమార్లు అడుగవలెను. ఎవరును అడ్డు చెప్పనిచో కొనువాడు కొనవచ్చును. పోటీవలన ధర పెరిగినచో ఆ పెరిగినది సుంకముతోకూడ రాజభండారమునకు చేరును. ఈ చివరి నియమము మనకు రుచింపకపోవచ్చును. కాని తక్కిన విధానములోని వివేకమును గమనింపవలెను. ధర బహిరంగము, ప్రకటన బహిరంగము, సాక్షులు పొరుగువారు. ఇంటిపై వివాదమున్నచో అచటనే, అప్పుడే బయటపడును.

మన శాసనములలో భూదానములు చెప్పునప్పుడు నాలుగు దిక్కుల ఎల్లలు పేర్కొనుటయు, సాక్షులను చెప్పుటయు ఈ వివేకముయొక్క మరియొక రూపమే. గ్రామమున కరణముగారి లెక్కయు పెద్దల నోటిమాటయు కలిసి హక్కునకు ఆధారమై యుండెడివి. ఎవని ఇల్లు ఎవనిదో ఊరంతకు తెలిసిన కాలమున కొనువానిని వెదకిపెట్టుట ప్రత్యేకమైన వృత్తి కానక్కరలేదు.

వర్తకమునందు మాత్రము మధ్యవర్తి చిరకాలమునుండి ఉన్నాడు. తెలుగులో వానికి తరగరి అని పేరు. వాడు పుచ్చుకొను సొమ్మునకు తరగు అని పేరు. దల్లాలి యను మాట అరబ్బీ మూలమునుండి వచ్చినది. ధాన్యపు బజారులో అమ్మువాని అవసరము, కొనువాని అవసరము రెండును ఎరిగినవాడు తరగరి. పశువుల సంతలలో బేరగాండ్రు పైగుడ్డ క్రింద వ్రేళ్లు పట్టుకొని ధర తెలుపుకొను వాడుక మనలో పెద్దలు చూచినదే. ఎదుట నిలిచినవానికి కూడ ధర తెలియరాదు. అదియే ఆ విద్య. కౌటిల్యుని నలువది కుటుంబముల ప్రకటనకును, ఈ గుడ్డక్రింది బేరమునకును గల భేదమును పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక.

ఆంగ్ల ప్రభుత్వకాలమున హక్కు నోటిమాటనుండి కాగితమునకు మారినది. దేశమంతటికి వర్తించు రిజిస్ట్రేషను చట్టము 1864లో వచ్చి, పలుమార్లు మారి, 1908లో ఇప్పటి రూపము దాల్చినది. 1882 ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము నూరు రూపాయలకు తక్కువకాని స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే చెల్లును. అమ్ముదుమను ఒడంబడిక మాత్రమే ఆస్తిపై హక్కు కల్పింపదని కూడ ఆ సెక్షనే చెప్పుచున్నది. వ్రాసిన దస్తావేజును నాలుగు మాసములలో రిజిస్ట్రీకి దాఖలు చేయవలెను. 1899 నాటి స్టాంపు చట్టము దీనికి తోడైనది.

బిలాస్‌పూరు వంటి పాత మధ్యపరగణాల పట్టణములలో మరియొక చిక్కు కలదు. ప్రభుత్వమునకు చెందిన పట్టణపు స్థలములను అచట నజూలు అందురు. అట్టి స్థలమున పట్టాపై కట్టిన ఇల్లు అమ్మవలెనన్న నజూలు కచేరి కాగితము కావలెను. సొంత స్థలమైనచో పట్వారి లెక్కలోని ఖస్రా సంఖ్య, బీ-వన్ నకలు, నామాంతరణము సరిగా నుండవలెను. యజమాని మరణించినచో వారసుల పేర లెక్క మార్పించుటను అచట ఫౌతీ నామాంతరణమందురు. మన ప్రాంతమునుండి పోయినవారికి ఈ మాటలే క్రొత్త. ఈ భాష తెలిసినవాడు, కచేరి దారి ఎరిగినవాడు ఒకడు కావలసివచ్చినాడు. కొనువానిని చూపు పని, కాగితములు నడిపించు పని ఈ రెండును కలిసి ఇంటి దల్లాలి వృత్తి అయినది. పొరుగువారు తొలగిన చోట వాడు ప్రవేశించెను.

ఈ ప్రవేశము అరాచకముగా జరుగలేదు. 1872 ఒడంబడికల చట్టము ప్రతినిధి ధర్మములను స్పష్టముగా వ్రాసి పెట్టినది. మనలో చాలమంది దానిని చదువలేదు. అంతమాత్రమున అది లేకపోలేదు. 211వ సెక్షను ప్రకారము ప్రతినిధి యజమాని చెప్పినట్లు నడువవలెను. 212 ప్రకారము తగిన నేర్పు, శ్రద్ధ చూపవలెను. ఉపేక్షవలన నేరుగా కలిగిన నష్టమునకు పరిహారమీయవలెను. 213 ప్రకారము అడిగినప్పుడు లెక్క చెప్పవలెను. 214 ప్రకారము చిక్కు వచ్చినచో యజమానికి తెలిపి ఆయన ఆజ్ఞ పొందుటకు తగిన ప్రయత్నము చేయవలెను. 215 ప్రకారము యజమానికి తెలియకుండ తానే కొనువాడై, ముఖ్యవిషయమును దాచినచో, యజమాని ఆ వ్యవహారమును త్రోసిపుచ్చవచ్చును. 219 ప్రకారము, వేరు ఒడంబడిక లేనిచో, పని పూర్తియైనగాని ప్రతిఫలము రాదు. 220 ప్రకారము దుర్వర్తనముతో చేసిన భాగమునకు ప్రతిఫలమే లేదు.

ఇందు 219వ సెక్షనులో దల్లాలి స్వభావమంతయు ఇమిడియున్నది. పని పూర్తియైననే సొమ్ము గనుక త్వరగా తెమలు ఇంటివైపే వాని కాళ్లు నడుచును. చిక్కుగల ఇల్లు, దూరముననున్న యజమాని, వ్రాతలేని మాట ఈ మూడును కలిసినచో ఆ ఇల్లు వాని పుస్తకములో చివరి పుటకు పోవును. వాడు దానిని విడువడు. విడిచినచో మరియొకడు అమ్మును. పట్టించుకొనడు, పట్టించుకొన్నచో శ్రమ. జాప్యమునకు అసలు కారణమిదియే.

నా మాటగా ఒక అనుభవము చెప్పక తప్పదు. మా తండ్రిగారు బిలాస్‌పూరులో గార్డుగా పనిచేసి విరమించిరి. తోర్వాలో కట్టిన ఇంటిలో పది సంవత్సరములకు పైగా సుఖముగా నుండి 2017లో కాలము చేసిరి. మా తల్లిగారికి తమ్ముని సరసన విజయనగరములో చిన్న ఇల్లు కొని ఇచ్చుటకై మరుసటి సంవత్సరము ఈ ఇల్లు అమ్మదలచితిమి. ఢిల్లీలో సెలవు దొరకుట కష్టము. ఒక దల్లాలికి తాళపుచెవి ఇచ్చి, నూటికి రెండు వంతున తరగు నోటిమాటగా ఒప్పుకొని తిరిగివచ్చితిని. వ్రాత లేదు, గడువు లేదు. మర్యాదస్థునివలె కనబడినాడు; అదియే ఆధారము.

పదునొకండు మాసములు గడచినవి. టెలిఫోనులో ప్రతిసారి ఒకే జవాబు: వచ్చి చూచుచున్నారు, ధర ఎక్కువ అనుచున్నారు. విజయనగరములో తల్లిగారు చూచి మెచ్చిన ఇంటిని ఈలోగా మరియొకరు కొనిరి. ఆ మాట విని ఆమె ఏమియు అనలేదు. “పోనీలే నాన్నా, ఇక్కడే బాగుంది” అన్నది. బాగుండలేదని మా ఇద్దరికిని తెలియును.

చివరకు సెలవు పెట్టి పోయి చూచితిని. తాళమునకు త్రుప్పు పట్టినది. గుమ్మమున ఆకులు మోకాలెత్తు పేరుకొనినవి. ప్రక్క యింటి పెద్దాయన పలాస ప్రాంతమువారు. మా తండ్రిగారితో కలిసి పనిచేసినవారు. ఆయన నన్ను చూచి లోపలికి పిలిచి, “బాబూ, మా చిన్నాడి కోసం మీ ఇల్లు కావాలని మూడుసార్లు అడిగించాను. ఎవరికో అయిపోయిందన్నాడు మీ దల్లాలీ. మీ నాన్న ఉంటే గోడమీంచి అడిగేవాణ్ణి” అనిరి. దల్లాలి దగ్గరి బంధువు ఒకడు తక్కువ ధరకు మా ఇంటిని కోరుచున్నాడనియు, మేము విసిగి దిగివచ్చుటకై ఎదురుచూచుచున్నారనియు పిమ్మట తెలిసినది.

కోపము వచ్చినది. అయితే ఆ కోపముతోనే తహసీలు కచేరికి పోగా మరియొక సంగతి బయటపడినది. ఇల్లు ఇంకను మా తండ్రిగారి పేరనే యున్నది. ఫౌతీ నామాంతరణము మేము చేయించలేదు. అక్కగారి సంతకము, తల్లిగారి సంతకము, మరణ ధ్రువపత్రము, పన్ను రసీదులు ఏవియు ఒకచోట లేవు. దల్లాలి మొదటి వారముననే నిజాయితీగా కొనువానిని తెచ్చియున్నను ఆ దినమున మేము అమ్మజాలకపోయెడివారము. అందుచేత జాప్యములో సగము వానిది, సగము మాది. ఈ సత్యము ఒప్పుకొనుట వానిని నిందించుటకంటె కష్టమైనది. నామాంతరణమునకు ఐదు మాసములు పట్టినది. ఆ తరువాత ఇల్లు ప్రక్కయింటివారికే ఇచ్చితిమి. బజానా ఇచ్చిన దినమునుండి రిజిస్ట్రీ వరకు పట్టినది పందొమ్మిది దినములు.

దల్లాలుల పక్షమున కూడ ఒక మాట చెప్పవలెను. కొనువానిని వాడు చూపగా, వానిని దాటి నేరుగా బేరము కుదుర్చుకొని తరగు ఎగవేయు యజమానులు తక్కువ కాదు. కలకత్తాలోని ఒక ఇంటి అమ్మకమునకు సంబంధించి అబ్దుల్లా అహమ్మదు వ్యాజ్యములో 1950లో సుప్రీము కోర్టు ఈ సంబంధమును విచారించినది. కొనువానిని వెదకుటకు నియమించినంత మాత్రమున యజమానిని కట్టిపడవేయు విక్రయపు ఒడంబడిక చేసికొను అధికారము దల్లాలికి సాధారణముగా రాదని అందులో తేలినది. ధర్మము ఇరువైపుల నుండవలెను. చెప్పిన శ్రమ చేసినవానికి చెప్పిన సొమ్ము ఈయవలసినదే.

ఇతర దేశములలో ఈ సమస్యకు చేసిన చికిత్స గమనింపదగినది. ఇంగ్లండులో 1979 నాటి ఎస్టేటు ఏజెంట్ల చట్టము ప్రకారము తనకు రావలసిన ప్రతిఫలమెంతయో, ఎప్పుడు రావలెనో ఏజెంటు ముందుగానే యజమానికి తెలుపవలెను. ఆ ఆస్తిలో తనకు స్వంత ప్రయోజనమున్నచో అదియు వెల్లడింపవలెను. మన దేశమున 2016 స్థిరాస్తి నియంత్రణ చట్టము దల్లాలులకు నమోదు విధించినది. నమోదు లేక వ్యవహరించినవానికి దినమునకు పదివేల రూపాయల వంతున, ఆస్తి విలువలో నూటికి ఐదు వరకు జరిమానా గలదు. కాని ఆ చట్టము దృష్టి నమోదైన క్రొత్త నిర్మాణములపైనను, ప్లాట్లపైనను గలదు. విరమించిన ఉద్యోగి తన పాత ఇంటిని అమ్ముకొను సాధారణ విక్రయము దాని పరిధికి వెలుపలనే మిగిలినది. సొమ్ము పుచ్చుకొని సేవ లోపము చేసినవానిపై 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమిషనునకు పోవచ్చును. అయితే చూపుటకు వ్రాత కావలెను. దూరముననున్నామని సంపూర్ణాధికారపత్రము, అనగా జనరలు పవరు, వ్రాసి దానితోనే ఇల్లు అమ్మినట్లు భావించు పద్ధతి హక్కును బదిలీ చేయజాలదని సూరజ్ లాంపు వ్యాజ్యములో 2011లో సుప్రీము కోర్టు తేల్చి చెప్పినది.

కావున మన సమాజ సభ్యులకు చరిత్ర చెప్పు హితవు ఇది. అమ్మదలచిన దినమున కాదు, ఈ దినముననే కాగితములు చూచుకొనవలెను. ఇల్లు ఎవరి పేర నున్నదో, పన్ను ఎవరి పేర కట్టుచున్నామో, వారసులందరి సమ్మతి కలదో లేదో తెలిసికొనవలెను. 2025లో ఛత్తీస్‌గఢ ప్రభుత్వము రిజిస్ట్రీతోనే నామాంతరణము జరుగు ఏర్పాటు చేసినది. కొనువారికి అది గొప్ప మేలు. కాని తండ్రి పోయిన ఇంటిలో వారసులు పూనుకొని చేయించుకొనవలసిన పనిని మరియొకరు చేయరు. దల్లాలిని నియమించునప్పుడు ఒక పుటలోనైనను వ్రాసికొనవలెను: కోరిన ధర ఎంత, తరగు ఎంత, ఎప్పుడు ఈయవలెను, గడువు ఎన్ని మాసములు, వచ్చిన ప్రతి బేరమును తెలుపవలెనను మాట. మూడు మాసముల గడువు చాలును; పని చేయువానికి దానిని పొడిగించుట కష్టము కాదు. అన్నిటికంటె ముందు ప్రక్కయింటివారిని అడుగవలెను.

కౌటిల్యుడు నలువది కుటుంబములను ఇంటి ముంగిట నిలుపుమనెను. పరదేశమున నున్న మనకు నలువది కుటుంబములు ఎచట దొరకునని అనుకొననక్కరలేదు. ఈ సంచిక చదువుచున్నవారే అంతకంటె ఎక్కువ. మన సమాజ కార్యాలయమున ఒక పలక వ్రేలాడదీసి, ఇల్లు అమ్మదలచినవారు, కొనదలచినవారు తమ ధరతో సహా బహిరంగముగా వ్రాయు ఏర్పాటు చేసినచో, గుడ్డక్రింది బేరము కొంతయైనను వెలుతురులోనికి రాగలదు. అందుకు ఖర్చు ఒక సుద్దముక్క. కార్యవర్గమువారు ఆలోచింతురుగాక.